నూట పద్నాలుగో పేజీలో గిరాకీ

నా పుస్తకం పదకొండో ముద్రణకు ప్రూఫులు వచ్చిన రోజు నేను మహా హుషారుగా ఉన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ, కట్ట విప్పగానే ముందు చూసింది అట్ట మీద నా పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేశారా అని. పోయినసారి కంటే పెద్దగానే వేశారు. దాన్ని ఎత్తి మా చెల్లెలికి కూడా చూపించాను.

డిగ్రీ పిల్లలకు ఆర్థిక సిద్ధాంతాల చరిత్ర చెప్పే పుస్తకం అది. కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు అదే పాఠం చెప్పి, ఏడేళ్ళ కిందట రిటైరయ్యాను. పిల్లలు నన్ను వెనకాల కత్తెర మేడమ్ అనేవాళ్ళు, మార్కులు కత్తిరించేస్తానని. ఆ సంగతి నాకు తెలియదని వాళ్ళ నమ్మకం. నాకు బాగానే తెలుసు, లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

పాఠం మాత్రం బాగా చెప్పేదాన్ని. ఆ ఒక్కటీ ఎవరూ కాదనలేరు. సిద్ధాంతాలంటే బెంబేలెత్తిపోయే పిల్లలకు వాటిని ఒకే ఇంట్లో తోడికోడళ్ళ పోట్లాటలా చెప్పేదాన్ని. పెద్దకోడలు వచ్చి, ఇంటికి బంగారం పోగేసుకు రావడమే సంపద అంది. రెండో కోడలు, బంగారం కొరుక్కు తింటారా, పంట పండే నేలే సంపద అని మూతి తిప్పింది. మూడో కోడలు వచ్చి, నేలా కాదు బంగారమూ కాదు, మనిషి చేసే పనే సంపద, ఎవరి పని వాళ్ళను చేసుకోనివ్వండి, సరుకంటూ తయారైతే కొనేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పుట్టుకొస్తారు అంది. ఆ తర్వాతావిడ, పని సంగతి వదిలెయ్యండి, చివరి ముద్ద మీద మనిషికి ఎంత ఆశ ఉంటుందో దాన్నిబట్టే ధర అంది. ఇలా సాగుతుండగా ఒక తరంలో కొట్ల నిండా సరుకుండి కూడా కొనే నాథుడు లేక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పుడు నోరు విప్పింది అసలైన గయ్యాళి. సరుకు సరే, ముందు కొనేవాడేడి, జనం కొనలేకపోతే సర్కారే ఖర్చుపెట్టి గిరాకీ పుట్టించాలి అంది. ఆవిడ గొంతు కాస్త తగ్గేలోపు ఇంకొకావిడ వచ్చి, సర్కారు ఇందులో వేలు పెట్టకూడదు, చెలామణిలో ఉన్న డబ్బును అదుపులో పెడితే చాలు అంది. ఇంత రచ్చ జరిగినా ఎవరూ ఇల్లు వదిలిపోలేదు. అందరూ ఇప్పటికీ ఆ వంటింట్లోనే ఉన్నారు.

ఇంకో మాట కూడా ప్రతి ఏడూ తప్పకుండా చెప్పేదాన్ని. ఈ వాదాల్లో చాలావాటి పేర్లు ఆ వాదులు తమకు తాము పెట్టుకున్నవి కావు, పడనివాళ్ళు పెట్టినవి. ఒకరిని వర్తకులకు వంతపాడేవాళ్ళన్నారు. ఇంకొకరిని సంప్రదాయవాదులన్నారు, పాపం వాళ్ళు చచ్చిపోయి మట్టిలో కలిశాక. మరొకరికి వాళ్ళ దేశం పేరే తగిలించి ఎగతాళి చేశారు. ఎగతాళి చేసినవాళ్ళు పోయారు, పేర్లు మాత్రం పుస్తకాల్లో ఉండిపోయాయి. ఇది చెప్పి క్లాసంతా ఒకసారి కలయజూసి, ‘కాబట్టి ఎవరికైనా పేరు పెట్టేముందు ఆలోచించండి’ అనేదాన్ని. అనేదాన్ని నేనే!

ప్రూఫులు తిరగేస్తుంటే నూట పద్నాలుగో పేజీలో పెన్సిల్ గీత కనిపించింది. ఒక వాక్యం కింద సన్నగా గీసి, అంచులో చిన్న ప్రశ్నార్థకం పెట్టి, ‘తిరగబడిందేమో చూడగలరు’ అని రాశారు. వాక్యం ఇది: ‘గిరాకీ తనకు కావలసిన సరఫరాను తానే సృష్టించుకుంటుందని సంప్రదాయవాదుల నమ్మకం.’

ఆ సంప్రదాయవాదులంటే మూడో కోడలే. ఆవిడ చెప్పింది దీనికి సరిగ్గా అటుది ఇటు. సరఫరా ముందు, గిరాకీ వెనక. రెండు మాటలు చోటు మారడంతో ఆవిడ నోట్లో ఆవిడ శత్రువు మాట పెట్టినట్టయింది. అది తప్పని ఇరవై నాలుగేళ్ళుగా నాకు తెలుసు.

కోపం ముంచుకొచ్చింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం మామూలు కోపం కంటే జోరుగా ఉంటుంది కదా. వెంటనే పబ్లిషర్‌కు ఫోన్ చేశాను.

“ఎవరయ్యా మీ ప్రూఫ్ రీడరు? నా పుస్తకంలో నాకే పాఠం చెప్తున్నారు!”

ఆయన నవ్వాడు. “మా గిరాకీ గారండీ. ఆవిడ వదలదు మేడమ్. చీమ తలకాయంత తప్పున్నా పట్టేస్తుంది.”

“ఏం పేరన్నారు?”

“గిరాకీ. అందరం అలాగే పిలుస్తాం. మేడమ్, ప్రూఫులు మాత్రం తొందరగా పంపించెయ్యండి. యూనివర్సిటీ వాళ్ళు పాత బ్యాచుల్లో తప్పినవాళ్ళకి ఆఖరి ఛాన్సు ఇచ్చారు కదా, పరీక్షలు వచ్చే నెలే. జవాబుల కీ ఎలాగూ మీ పుస్తకం చూసే తయారుచేస్తారు. మా గిరాకీ కూడా రాస్తోందండోయ్! డిగ్రీలో ఒక్క పేపరే ఉండిపోయిందట. చిత్రం చూడండి, మీ పేపరే! మా పెద్ద ఎడిటర్ గారు ఈ ఏడాదితో మానేస్తున్నారు. ఆ కుర్చీలో ఈవిడని కూర్చోబెట్టాలని నా కోరిక. డిగ్రీ లేకుండా ఎడిటరేంటని మా అన్నయ్య అడ్డం పడుతున్నాడు. ఈసారి కూడా పోయిందా, ఇంక అంతే సంగతులు.”

ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. సరే సరే అని పెట్టేశాను.

పక్కన బట్టలు మడతపెడుతున్న మా చెల్లెలు తలెత్తి చూసింది. అది నర్సుగా చేసి రిటైరైంది, మనిషి మొహం చూసి జ్వరం ఎంతుందో చెప్పే రకం.

“ఎవరక్కా ఈ గిరాకీ? అలా పాలిపోయావేంటి?”

“నా స్టూడెంటే,” అన్నాను. 

*

తప్పు ఎలా జరిగిందో ముందు చెప్తాను. అది కంపోజ్ చేసినవాళ్ళ తప్పని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మొదటి ముద్రణకు నేను డిమాండ్, సప్లై అనే రాసిచ్చాను. ప్రూఫులు వచ్చాక ఎక్కడలేని తెలుగు అభిమానం పుట్టుకొచ్చింది. అందరిలా ఇంగ్లీషు మాటలు ఎందుకు వాడాలి, నా పుస్తకం నా పుస్తకంలా ఉండాలని, ఎర్ర పెన్ను పట్టుకుని డిమాండ్ కొట్టేసి గిరాకీ, సప్లై కొట్టేసి సరఫరా అని రాసుకుంటూ పోయాను. నాలుగు వందల పేజీలు. నూట పద్నాలుగో పేజీకి వచ్చేసరికి సప్లై మీద గిరాకీ అనీ, డిమాండ్ మీద సరఫరా అనీ రాశాను. చెయ్యి నాది, పెన్ను నాది.

పుస్తకం వచ్చిన మూడో నెలలో ఆ పాఠం చెప్తున్నాను. పిల్లలు రెండో వరసలో ఒకరి భుజం మీద ఒకరు పడి నోట్సు రాసుకుంటున్నారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచింది. వాళ్ళమ్మ కాలేజీ వెనక సందులో గొడుగులు కుట్టి అమ్మేది. ఈ పిల్ల కూడా క్లాసు అయిపోగానే వెళ్ళి ఆ కొట్లో కూర్చునేది. నెమ్మదైన పిల్ల, అడిగితే తప్ప మాట్లాడదు.

“మేడమ్, ఈ వాక్యం తిరగబడింది,” అంది. “సరుకుంటే చాలు, కొనేవాళ్ళు వాళ్ళే వస్తారన్నది పాతవాళ్ళు కదా. ఇక్కడ గిరాకీ ముందొచ్చేసింది. అలాగైతే తర్వాత వాళ్ళతో పోట్లాడినవాళ్ళ మాటయిపోతుంది.”

 నేను పుస్తకంలోకి చూశాను. ఒక్క క్షణంలో అర్థమైపోయింది, పిల్ల చెప్పింది నిజం. కానీ ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. తప్పు పట్టినందుకు భయపడి, నాకు సాయం చేస్తున్నట్టుగా ఇంకా చెప్పుకుపోయింది.

“మా అమ్మ కొట్టు నిండా గొడుగులు కుట్టి వేలాడదీసినా వాన కురవదు కదా మేడమ్. పాతవాళ్ళ మాటలో లోపం అదేనని మీరే చెప్పారు.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నన్ను చూసే నవ్వారనుకున్నాను. ఒళ్ళు భగ్గుమంది.

“గిరాకీ ముందొస్తుందో వెనకొస్తుందో నాకంటే నీకే బాగా తెలిసినట్టుందే! కొట్లో కూర్చుని రోజూ గిరాకీలు చూస్తూంటావు కదమ్మా!”

మగపిల్లలు విరగబడి నవ్వారు. బల్లలు చరిచారు. ఈల కూడా వేశారు. ఇరవై ఏళ్ళ ఆడపిల్లని పట్టుకుని కొట్లో కూర్చుని గిరాకీలు చూస్తావంటే ఇంకో అర్థం వస్తుందని, నోరు జారాక గానీ నాకు తట్టలేదని చెప్పుకోవచ్చు. ఎవరూ వచ్చి తేల్చలేరు. కానీ తట్టింది. మాట నాలిక చివర ఉన్నప్పుడే తట్టింది. అయినా అన్నాను.

ఆ సాయంత్రానికల్లా ఆ పిల్ల పేరు గిరాకీ అయిపోయింది. గేటు దగ్గర గిరాకీ, లైబ్రరీ మెట్ల మీద గిరాకీ, బ్లాక్‌బోర్డు మీద గిరాకీ. ఒకరోజు నేను క్లాసులోకి వెళ్ళేసరికి బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే, డస్టరుతో తుడిచి పాఠం మొదలుపెట్టాను. ఎవరు రాశారని కూడా అడగలేదు. ‘సప్లై సంగతేమో గానీ దీనికి సప్లీ మాత్రం ఖాయం’ అని ఒకడు అంటే నేను వినిపించుకోనట్టు నటించాను.

ఇంతవరకే అయితే నోటి దురుసు అని సరిపెట్టుకునేదాన్నేమో. ఇంకొకటి ఉంది. అది ఇరవై నాలుగేళ్ళలో మా చెల్లెలికి కూడా చెప్పలేదు.

ఆ ఏడు ఆఖరి పరీక్షలో సంప్రదాయవాదుల మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది. కీ తయారు చేసింది నేనే, నా పుస్తకం ముందు పెట్టుకుని. పేపర్లు దిద్దే చోట జవాబు పత్రాల మీద నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. నా బండిల్లో ఒక పేపరు వచ్చింది. సరఫరా ముందు, గిరాకీ వెనక, అన్నీ చక్కగా, వరసగా. చివర్లో విమర్శ కింద ఒక వాక్యం: ‘కొట్టు నిండా గొడుగులు వేలాడదీసినంత మాత్రాన వాన కురవదు.’

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పదికి ఎనిమిది ఇవ్వాల్సిన జవాబు. కానీ దానికి ఎనిమిది ఇస్తే కీ తప్పని ఒప్పుకోవాలి. కీ తప్పంటే పుస్తకం తప్పు. చీఫ్ ఎగ్జామినర్‌ని పిలిచి, అంతమంది లెక్చరర్ల ముందు, నేను రాసింది తప్పు, గొడుగుల కొట్టు పిల్ల రాసింది ఒప్పు అని చెప్పాలి. సున్నా వేశాను. కింద మళ్ళీ ఎర్రగా గీత కూడా గీశాను, చేతికి ధైర్యం చెప్పడానికన్నట్టు. ఆ పిల్లకు పాసుకు మూడు మార్కులు తగ్గాయి. సప్లిమెంటరీకి రాలేదు. మళ్ళీ కాలేజీ ఛాయలకే రాలేదు.

*

“అటక మీద నా పాత ప్రూఫుల పెట్టె ఉంది, కాస్త దించుదాం రావే,” అన్నాను చెల్లెలితో.

“ఇప్పుడా? దుమ్ముతో తుమ్మి చస్తావు,” అంటూనే స్టూలు తెచ్చింది.

నేను ఏదీ పారేసే రకం కాదు. ముద్రణలన్నిటి ప్రూఫులూ ఉన్నాయి. నాలుగో ముద్రణ, నూట పద్నాలుగో పేజీ. అదే వాక్యం కింద అదే సన్నటి పెన్సిల్ గీత, ‘తిరగబడిందేమో చూడగలరు.’ పక్కన ఎర్ర సిరాతో నా చేతిరాత: ‘ఉంచండి.’ ఏడో ముద్రణలోనూ అంతే. ‘తిరగబడిందేమో.’ ‘ఉంచండి.’ తొమ్మిదో ముద్రణలోనూ అంతే. మూడోసారి నేను ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను.

ఆ పెన్సిల్ ఎవరిదో అప్పట్లో పట్టించుకోలేదు. ప్రూఫ్ రీడరంటే మనిషని కూడా అనిపించలేదు నాకు. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల ఒక్క ప్రశ్నే అడుగుతోంది, మర్యాదగా, ‘చూడగలరు’ అని. నేను మళ్ళీ మళ్ళీ నోరు మూసుకోమంటున్నాను. ఇప్పుడు నాలుగోసారి. ఈ పేజీ ఇలాగే అచ్చయితే వచ్చే నెల పరీక్షలో ఆవిడ నిజం రాసి తప్పాలి, లేదా నా తప్పు రాసి పాసవ్వాలి.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. చెల్లెలు మూడు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసింది. క్లాసులో అన్న మాట సంగతి చెప్పాను. పరీక్ష సంగతి మింగేశాను.

“ఛీ,” అంది చెల్లెలు. నా మొహం మీదే అంది. “రేపు పొద్దున్నే వెళ్ళు. పోస్టులో పంపావంటే నేను ఊరుకోను.”

*

ప్రెస్సు ఒక పొడుగాటి రేకుల షెడ్డు. గుమ్మంలోనే కాగితం బేళ్ళు, సిరా వాసన, లోపల మిషన్ల మోత. ఓ మూల చెక్కల గదిలో, పట్టపగలు కూడా ట్యూబ్‌లైటు కింద, ప్రూఫుల బల్ల. బల్ల మీద పెన్సిళ్ళు ఒకే వైపు మొన పెట్టి పేర్చి ఉన్నాయి. ఆవిడ స్కేలును లైను కింద పెట్టి చదువుతోంది. జుట్టు ముందు భాగమంతా నెరిసింది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో నిలబడినట్టే.

పబ్లిషర్ హడావుడిగా వచ్చి కుర్చీ లాగాడు. “గిరాకీ గారూ, చూశారా ఎవరొచ్చారో! ఈవిడ ఇక్కడ చేరాకే మా ప్రెస్సుకి గిరాకీ పెరిగింది మేడమ్, అందుకే ఆ పేరు. ఏమండీ?”

ఆవిడ స్కేలు తీసి పక్కన పెట్టింది. ఆయన టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు.

“అలా అని నువ్వే చెప్పావా వాళ్ళకి?” అని అడిగాను.

“లేదు మేడమ్. నేను చేరిన కొత్తలో మన క్లాసబ్బాయి ఒకడు పెళ్ళికార్డుల పని మీద వచ్చి అందరి ముందూ అలా పిలిచాడు. వీళ్ళు వేరేగా అనుకున్నారు. నయమే కదా అని ఊరుకున్నాను.”

పేజీ బయటికి తీశాను. ఎర్ర పెన్నుతో రెండు మాటలూ కొట్టేసి, సరఫరా ముందు, గిరాకీ వెనక రాసి, కింద సంతకం పెట్టాను. ఆవిడ స్కేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంది.

“నాలుగుసార్లు అడిగావు,” అన్నాను. “తప్పని నేరుగా రాయాల్సింది. నాలాంటి దానికి ‘చూడగలరు’ ఏంటి?”

“మేం తప్పని రాయకూడదు మేడమ్. అడగడం వరకే మా పని. రచయిత సంతకం లేకుండా ఇక్కడ పొల్లు కూడా మార్చరు.”

“ఆరోజు క్లాసులో నేనన్నది చాలా తప్పు.”

“అవును మేడమ్,” అంది. పర్వాలేదు అనలేదు. అంటుందని నేను ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

పెన్సిలు మొన చూసుకుంటూ అడిగింది. “నా పేపరు దిద్దింది ఎవరో మీకు తెలుసా మేడమ్? నేను బాగా రాశాననే అనుకున్నాను. తప్పాక మా అమ్మ, చదువు నీకు ఒంటబట్టలేదులేవే అంది. పోయేదాకా అదే అనుకుంది.”

చెప్పడానికి దానికంటే మంచి సమయం దొరకదు. చెప్పాలనే అనుకున్నాను, ఒట్టు. నోరు తెరిస్తే వచ్చింది ఇది: “బండిళ్ళు ఎటెటో పోతాయమ్మా. నంబర్లే గానీ పేర్లుండవు.”

“అవును కదా,” అంది.

ముందుమాటలో నీ గురించి రాస్తాను, తప్పు మొదట పట్టింది నువ్వేనని రాస్తానన్నాను. రాయడానికి పెన్ను తీసి ఆగిపోయాను. ఆ పిల్ల పేరు నాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గిరాకీ తప్ప ఏమీ రాలేదు.

“నీ పేరు...” అన్నాను.

“రెండేళ్ళు హాజరు పిలిచారు మేడమ్,” అంది మెల్లిగా. తర్వాత పేరు చెప్పింది. రాసుకున్నాను. అక్షరం పట్టుకుని అడిగి మరీ రాసుకున్నాను.

*

ఇంటికొచ్చి ముందుమాట రాశాను. నాలుగుసార్లు చింపి ఐదోసారి తేల్చాను. ‘మొదటి ముద్రణ నుంచీ ఈ గ్రంథంలో ఒక వాక్యం తారుమారుగా అచ్చయింది. దానిని నాడే గుర్తించిన విద్యార్థిని ఈమె.’ పక్కన ఆవిడ పూర్తి పేరు. ‘ఆ కారణంగా ఆమె జవాబు పత్రం పొరపాటున తప్పుగా దిద్దబడింది. అందుకు చింతిస్తున్నాను.’ చదువుకుంటే గంభీరంగా, హుందాగా ఉంది. చెల్లెలు కూడా బాగుందంది. దానికి అసలు సంగతి తెలియదు కదా.

మూడో రోజు ముందుమాట ప్రూఫు వచ్చింది. ఒక్కటే పేజీ. పెన్సిల్ గీత ఒక్కటే, ‘దిద్దబడింది’ కింద. అంచులో చిన్న ప్రశ్నార్థకం పెట్టి రాసి ఉంది: ‘ఎవరిచేత?’

 నా క్లాసులో ‘బడింది’ అని రాసిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ అర మార్కు కోసేదాన్ని. ‘పన్ను విధించబడింది, ఎవరిచేత? కార్మికులు తొలగించబడ్డారు, ఎవరిచేత? చేసినవాణ్ణి దాచిపెట్టే మాట ఇది, నా పేపర్లో కుదరదు’ అని కేకలేసేదాన్ని. ఆవిడ ఆ క్లాసులోనే కూర్చుంది. ఆవిడకు తెలుసు. గొడుగుల వాక్యం రాసినప్పుడే తెలిసుంటుంది, దాన్ని గుర్తుపట్టగలిగిన మనిషి లోకంలో ఒక్కతే అని. ప్రెస్సులో నన్ను అడిగినప్పుడు కూడా తెలిసే అడిగింది. నేను మళ్ళీ అబద్ధం చెప్పాను, మళ్ళీ ఆవిడ మొహం మీదే.

చెల్లెల్ని పిలిచి మొత్తం చెప్పాను. అది ఈసారి ఛీ అని కూడా అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఎర్ర పెన్ను తీశాను. ‘పొరపాటున’ కొట్టేశాను. ‘దిద్దబడింది’ కొట్టేశాను. పైన రాశాను: ‘ఆమె రాసింది సరైన జవాబని తెలిసి, అది ఆమె పేపరేనని కూడా తెలిసి, నా పుస్తకం పరువు కోసం నేనే సున్నా వేశాను.’ ‘చింతిస్తున్నాను’ కూడా కొట్టేసి, ‘సిగ్గుపడుతున్నాను’ అని రాశాను. కింద సంతకం పెట్టాను. దీన్ని నా స్టూడెంట్లందరూ చదువుతారు. నాతో పనిచేసినవాళ్ళు చదువుతారు. చదవనీ.

పేజీ పట్టుకుని ప్రెస్సుకు వెళ్ళేసరికి సాయంత్రం ఐదు కావస్తోంది. పబ్లిషర్ లేడు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న గుమాస్తా ఎవరు కావాలని అడిగాడు. ఆవిడ పేరు చెప్పాను, నేను రాసుకున్న పేరు.

“ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరమ్మా,” అన్నాడు.

“ప్రూఫులు చూస్తారు.”

“ప్రూఫులు చూసేది గిరాకీ గారండీ. ఆవిడ కావాలా?”

ఔనంటే నిమిషంలో పిలిచేవాడు. ఆ మాటకు తల ఊపడానికి నాకు మెడ తిరగలేదు. “లేదు, నేను చెప్పిన ఆవిడే కావాలి. కూర్చుంటాను,” అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి పనిలో పడ్డాడు. కాగితం బేళ్ళ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అటూ ఇటూ తిరిగేవాళ్ళు ఎవరీవిడ అన్నట్టు చూస్తూ పోయారు.

ఆరింటికి మిషన్లు ఆగాయి. భుజాన సంచీ వేసుకుని బయటికి వస్తూ ఆవిడ నన్ను చూసి ఆగింది. నేను లేచి నిలబడి, పేరుతో పిలిచాను. గుమాస్తా తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

పేజీ ఇచ్చాను. ఆవిడ సంచీలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. స్కేలు లేదు కాబట్టి వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గరా ఆగుతూ, చివరిదాకా చదివింది. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివింది. కళ్ళద్దాలు తీసి పైటచెంగుతో తుడుచుకుంది. నా వైపు చూసింది.

“ఇది ఇలాగే ఉంచమంటారా మేడమ్?” అని అడిగింది.

“ఉంచండి,” అన్నాను.